డిమెన్షియాలో కోపం, అనుమానం, అలజడి: ఇంట్లో ఏం చేయాలి, ఏం చేయకూడదు

డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బు, వచ్చిన మనిషి మనవరాలి పేరు మర్చిపోతే ఇల్లు సర్దుకుపోతుంది. కోడలు గాజులు కాజేసిందని పక్కింట్లో చెప్పడం, పొద్దు వాలితే చేతిసంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడటం, స్నానానికి రమ్మంటే కొట్టడం, రాత్రి రెండింటికి లేచి గేటు గుంజడం... ఇల్లు కుదేలయ్యేది వీటితోనే. మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో సుమారు 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా. వాళ్లలో చాలామందికి ఏదో ఒక దశలో ఇలాంటి ప్రవర్తన తప్పదు.

ఇంట్లోవాళ్లు సాధారణంగా రెండు దారుల్లో ఒకటి పడతారు. వయసు మీద పడ్డ చాదస్తమని వదిలేస్తారు, లేదంటే డాక్టరు దగ్గర నిద్రమాత్ర రాయించుకుంటారు. మొదటిదానివల్ల వైద్యం చేస్తే తగ్గే కారణాలు దాగిపోతాయి. రెండోదానివల్ల ఆ కారణాల్ని బయటపెట్టే నోరు కూడా మూతపడుతుంది. ఈ రెండింటికీ మధ్య చేయగలిగిన పని చాలా ఉంది. దాన్ని వరుసగా చేయాలి, ఎందుకంటే మొదటి మెట్టు వదిలేస్తే మిగతావేవీ పనిచేయవు.

రెండు మూడు రోజుల్లో మనిషి మారిపోతే

నిన్నటిదాకా ఉన్నట్టే ఉండి గంటల్లోనో, రెండు మూడు రోజుల్లోనో మనిషి మారిపోతే డిమెన్షియా ముదిరిందనుకోవద్దు. ముందు డెలీరియాన్ని అనుమానించండి. పెద్దవాళ్లు సంధి ప్రేలాపన అనేది దాదాపుగా దీన్నే. డిమెన్షియా నెలల మీద, ఏళ్ల మీద ముదురుతుంది. డెలీరియం గంటకో రకంగా ఉంటుంది. పొద్దున మామూలుగా మాట్లాడి, మధ్యాహ్నానికి గాల్లో దారాలు పీకుతూ కూర్చుంటారు. అరుపులే ఉండాలని లేదు. ఎప్పుడూ తిరిగే మనిషి మంచం పట్టి, పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మగతలోకి జారుకుంటున్నా ఇదే. 'హమ్మయ్య, ఇవాళ గొడవ లేదు' అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునేది ఇలాంటి రోజే. అసలు ప్రమాదం అప్పుడే.

ఆస్పత్రికి బయల్దేరేలోపు ఇంట్లో చూడగలిగినవి చూడండి. జ్వరం, నాడి, బీపీ, వేలికి పెట్టే ఆక్సీమీటరు ఉంటే ఆక్సిజన్. షుగరు మందులు వాడేవాళ్లయితే గ్లూకోమీటరుతో షుగరు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేశాక అన్నం తినకుండా మొండికేసిన రోజు షుగరు పడిపోవడం మామూలే. 70 కన్నా తక్కువుండి, బాగా మింగగలుగుతుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి 15 నిమిషాలకు మళ్లీ చూడండి. మగతగా ఉంటే నోట్లో ఏదీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. మూతి వంకరపోయినా, ఒక చెయ్యి వాలిపోయినా అంతే, ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.

తర్వాత ఒంటికి, రెంటికి. మూత్రం పోసేటప్పుడు ముఖం చిట్లిస్తున్నారా, మాటిమాటికీ వెళ్తున్నారా, వాసన మారిందా? మగవాళ్లలో ప్రొస్టేటు వల్ల మూత్రం బిగిస్తే బొడ్డు కింద ఉబ్బుగా, గట్టిగా తగులుతుంది. చుక్కలు చుక్కలుగా కారుతున్నా లోపల నిండే ఉండొచ్చు. విరేచనమై మూడు రోజులు దాటిందా? నీళ్లలా కొద్దికొద్దిగా పోతోందని విరేచనాలు ఆపే మాత్ర వేయకండి. లోపల గట్టిపడిన మలం పక్కనుంచి నీరు జారినా అలాగే కనిపిస్తుంది. గత రెండు నెలల్లో పడ్డారా? తలకు తగిలింది చిన్న దెబ్బే అయినా, ముఖ్యంగా రక్తం పలచబడే మందులు వాడేవాళ్లలో, పుర్రె లోపల రక్తం మెల్లగా చేరి వారాల తర్వాత బయటపడుతుంది. రక్తపరీక్షలో సోడియం తప్పకుండా చూడమని అడగండి. బీపీకి వాడే నీటి మాత్రల (మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు) వల్లా, కొన్ని డిప్రెషన్ మందుల వల్లా సోడియం పడిపోయి మనిషి తికమకపడతాడు.

మందుల డబ్బా మొత్తం సంచిలో వేసుకుని వెళ్లండి, చీటీ ఒక్కటే చాలదు. జలుబుకూ దురదకూ వాడే క్లోర్‌ఫెనిరమైన్, అవిల్, ఫెనర్గాన్, కడుపునొప్పికి వాడే డైసైక్లోమిన్, మూత్రం ఆగడం లేదని ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, నిద్రకో నొప్పికో రాసే అమిట్రిప్టిలిన్: ఇవన్నీ మెదడులో అసిటైల్‌కోలిన్ పనికి అడ్డుపడతాయి. డిమెన్షియాలో ఎక్కువగా కనబడే రకమైన అల్‌జైమర్స్‌లో తగ్గిపోయేది అదే రసాయనం. ఈ జబ్బుకు ఇచ్చే డోనెపెజిల్ మాత్ర దాన్ని పెంచాలని చూస్తుంటే పక్కనే ఈ మాత్ర దాన్ని అణిచేస్తుంది. ఒక డాక్టరు ఒకటి, ఇంకో డాక్టరు రెండోది రాయడం వల్ల ఇది ఎవరి కంటా పడదు. మందులషాపులో అడిగి తెచ్చుకున్న జలుబు మాత్ర అయితే ఏ చీటీలోనూ ఉండదు. అల్‌ప్రాజోలం లాంటి నిద్రమాత్రలు కొందరు వృద్ధులను నిద్రపుచ్చడానికి బదులు రెచ్చగొడతాయి, నడకలో తూలిస్తాయి. ఏళ్ల తరబడి వాడుతున్నదైతే మాత్రం ఉన్నట్టుండి ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి.

నొప్పి అని చెప్పలేనివాళ్లకు నొప్పి ఉంటే

మోకాళ్ల నొప్పులున్న తల్లి, నొప్పి అనే మాట మర్చిపోయాక, కుర్చీలోంచి లేపిన ప్రతిసారీ తిడుతుంది. పుచ్చిన పన్ను, వదులైన కట్టుడుపళ్ల సెట్టు కింద పుండు, పిరుదుల దగ్గర ఒరిసిన చర్మం, గట్టిపడిన కడుపు, గోరుచుట్టు... ఇవేవీ మాటల్లో బయటికి రావు. చూసి పట్టుకోవాలి. కదిపినప్పుడు ముఖం ముడుచుకోవడం, మూలగడం, ఊపిరి వేగంగా తీయడం, పిడికిలి బిగించడం, ఓదార్చినా ఊరుకోకపోవడం గమనించండి. కూర్చున్నప్పుడు కాదు, బట్టలు మార్చేటప్పుడు, పక్క మార్చేటప్పుడు చూడాలి.

2011లో ప్రచురితమైన నార్వే అధ్యయనం ఒకటి ఈ విషయంలో కళ్లు తెరిపించింది. వృద్ధుల సంరక్షణాలయాల్లో అలజడి పడుతున్న 352 మంది డిమెన్షియా రోగుల్లో సగం మందికి 8 వారాలపాటు నొప్పికి పద్ధతిగా వైద్యం చేశారు. ఎక్కువమందికి ఇచ్చింది మామూలు పారాసెటమాలే. వాళ్లలో అలజడి చెప్పుకోదగినంత తగ్గింది. నొప్పి అనుమానం ఉంటే 'అడిగినప్పుడు ఇద్దాం' అనుకోవద్దు, వాళ్లు అడగరు. వేళ ప్రకారం, స్నానానికి అరగంట, గంట ముందు ఒక మోతాదు పడేలా డాక్టరుతో మాట్లాడి పెట్టుకోండి. వృద్ధులకు రోజు మొత్తం మీద సాధారణంగా 3 గ్రాములు దాటకూడదు. బక్కపలచని మనిషికీ, లివరు జబ్బున్నవాళ్లకూ ఇంకా తక్కువ. జలుబు మాత్రల్లో కూడా పారాసెటమాల్ ఉంటుందని లెక్కలో పెట్టుకోండి.

దీంతోపాటే కళ్లు, చెవులు. చెవిలో గుబిలి గడ్డకట్టి వినపడక అనుమానం పెరిగినవాళ్లు, శుక్లం ముదిరి నీడల్ని మనుషులనుకునేవాళ్లు చాలామంది ఉంటారు. కళ్లద్దాలు రోజూ తుడవండి.

ఏడు రోజుల నోట్‌బుక్

ఒళ్లు బాగానే ఉందని తేలాక ఒక నోట్‌బుక్ తీసుకుని ఐదు గడులు గీయండి: ఎన్ని గంటలకు, దానికి ముందు పది నిమిషాల్లో ఏం జరిగింది, సరిగ్గా ఏం చేశారు, మేమేం చేశాం, ఎంతసేపటికి తగ్గింది. ఏడు రోజులు రాయండి. 'గొడవ చేశారు' అని రాస్తే పనికిరాదు. 'సా. 6.10, టీవీలో సీరియల్ అరుపులు, గదిలో ఇంకా లైటు వేయలేదు, మధ్యాహ్నం నాలుగు ముద్దలే తిన్నారు, తలుపు బాదారు, వద్దని చెయ్యి పట్టుకున్నాం, 40 నిమిషాలు' అని రాయాలి. వారం తిరిగేసరికి ఒక వరస కనబడుతుంది. అన్నీ సాయంత్రాలే కావచ్చు, అన్నీ ఒకే మనిషి డ్యూటీలో ఉన్నప్పుడే కావచ్చు, ఒంటికి తీసుకెళ్లడం ఆలస్యమైనప్పుడే కావచ్చు.

ఒకేసారి ఒక్క మార్పే చేయండి, మూడు నాలుగు రోజులు చూడండి. అన్నీ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. 'మేమేం చేశాం' అనే గడి నిజాయితీగా నింపడం కష్టమే. కానీ చాలాసార్లు కిటుకు అక్కడే ఉంటుంది: చెయ్యి పట్టుకోవడం, ఇద్దరు ఒకేసారి మాట్లాడటం, గొంతు పెంచడం.

మాట తీరు గురించి రెండు ముక్కలు. వెనకనుంచి పిలవొద్దు. ఎదురుగా వచ్చి, వాళ్ల కళ్ల ఎత్తుకు కూర్చుని, మీరెవరో మీరే చెప్పండి. 'నన్ను గుర్తుపట్టావా? నేనెవరో చెప్పు చూద్దాం' అని వచ్చిన ప్రతి చుట్టమూ పరీక్ష పెట్టడం మనవాళ్లకు అలవాటు. గుమ్మంలోనే ఆపి వద్దని చెప్పండి. ఆ పరీక్షలో తప్పిన అవమానం, ప్రశ్న మర్చిపోయాక కూడా మనసులో మిగిలి సాయంత్రం కోపంగా బయటికొస్తుంది. ఒకసారి ఒకే మాట: 'లేవండి.' లేచాక 'ఇటు రండి.' చెప్పాక పది లెక్కపెట్టేదాకా ఆగండి. ముప్ఫయ్యేళ్లు ఊరంతా 'మాస్టారూ' అన్న మనిషిని అటెండెంటు 'ఏం తాతా' అంటే ఆయన ఊరుకోరు, ఊరుకోవాల్సిన పనీ లేదు. తర్వాత నేర్చిన భాషలు ముందు జారిపోయి అమ్మభాష మిగులుతుంది కాబట్టి వేరే రాష్ట్రం నుంచి వచ్చిన అటెండెంటుకు దా, కూచో, నీళ్లు, అన్నం, నొప్పా, బాత్రూమా అనే మాటలైనా మొదటి రోజే నేర్పండి.

'ఇంటికి పోతాను'

నలభై ఏళ్లుగా ఉంటున్న ఇంట్లోనే ఈ మాట వస్తుంది. 'ఇదే కదమ్మా నీ ఇల్లు' అని ఎన్నిసార్లు చెప్పినా దిగదు. వాళ్లడిగే ఇల్లు చాలాసార్లు ఇటుకల ఇల్లు కాదు. పొద్దుగూకేవేళ చేయాల్సిన పని ఒకటి ఒంట్లో మిగిలి ఉంటుంది: గేదె పాలు పిండాలి, దీపం పెట్టాలి, పిల్లలు బడినుంచి వస్తారు. దానికి తోడు రోజంతా మెదడు అలిసిపోయి, వెలుగు తగ్గి, నీడలు సాగి, ఆకలేస్తుంటుంది.

అందుకే సాయంత్రం గొడవకు మందు పొద్దుటి నుంచే మొదలుపెట్టాలి. పొద్దున అరగంట ఎండలో, కనీసం ఆరుబయట కూర్చోబెట్టండి. పగటినిద్ర మధ్యాహ్నం మూడింటిలోపు ముగియాలి, ముప్పావుగంట దాటొద్దు. మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ వద్దు. నాలుగింటికి బాత్రూముకు తీసుకెళ్లి, తినడానికేదైనా పెట్టండి: అరటిపండు, ఉప్మా, నానబెట్టిన అటుకులు, ఏదైనా సరే. చీకటి పడకముందే, ఐదింటికల్లా ఇంట్లో లైట్లన్నీ వేసేయండి, కర్టెన్లు మూసేయండి. చీకటి పడ్డాక కిటికీ అద్దంలో తమ ప్రతిబింబాన్ని చూసి ఎవరో వచ్చారని జడుసుకుంటారు. టీవీ ఆపండి.

తర్వాత చేతికి పని ఇవ్వండి, నిజం పని. చేటలో బియ్యం ఏరడం, గోంగూర కోయడం, చిక్కుడుకాయలు వలవడం, దూదితో వత్తులు చేయడం, ఆరిన బట్టలు మడతపెట్టడం. ఎలా చేసినా బాగుందనాలి, వాళ్ల కళ్లముందు సరిదిద్దకూడదు. మగవాళ్లకు పని వెతకడం కొంచెం కష్టం. నోట్లు లెక్కపెట్టడం, పాత పాస్‌బుక్కులు సర్దడం, మొక్కలకు నీళ్లు పోయడం కుదురుతాయి.

అప్పటికే గుమ్మంలో నిలబడితే అడ్డు నిలవొద్దు. 'ఎవరున్నారు ఇంట్లో?', 'అమ్మ ఏం వండేది?' అని అడుగుతూ చెప్పులేసుకుని తోడు వెళ్లండి. వీధి చివరిదాకా నడిచి, వేరే సందులోంచి తిరిగొచ్చి 'రండి, వచ్చేశాం, కాళ్లు కడుక్కుందాం' అంటే చాలామంది లోపలికొస్తారు. చనిపోయిన భర్త గురించి అడిగితే 'ఆయన పోయి పదేళ్లయింది కదా' అని ప్రతిసారీ చెప్పడం క్రూరత్వం. ఆమెకు ప్రతిసారీ అది కొత్త చావే. 'ఆయన గుర్తొస్తున్నారా? కాఫీ ఎలా తాగేవారు?' అంటే అబద్ధమూ కాదు, దెబ్బా కాదు.

తల్లిదండ్రుల్ని నెలకో కొడుకు ఇంట్లో వంతులేసుకుని ఉంచే ఇళ్లలో ఈ బాధ రెట్టింపవుతుంది. బాత్రూము ఎటువైపో తెలిసేసరికే ఇల్లు మారిపోతుంది. వంతు వేసుకోవాల్సింది మనుషులు: తల్లి ఒకచోటే ఉండాలి, పిల్లలు వచ్చి ఉండాలి, రాలేనివాళ్లు అటెండెంటు జీతం భరించాలి. అమెరికాకో ఆస్ట్రేలియాకో తీసుకెళ్లేవాళ్లు విమానం దిగాక కొన్ని వారాలు రాత్రీపగలూ తారుమారై అలజడి పెరుగుతుందని ముందే లెక్కేసుకోవాలి. కదిలించక తప్పకపోతే ఆమె దుప్పటి, ఆమె స్టీలు గ్లాసు, ఆమె దేవుడి పటం వెంట వెళ్లాలి.

'నా గాజులు తీసింది'

నింద దగ్గరున్నవాళ్ల మీదే పడుతుంది. మన ఇళ్లలో అంటే కోడలి మీదో, పనమ్మాయి మీదో. దాచిన చోటు గుర్తులేదు, దాచిన సంగతీ గుర్తులేదు, వస్తువు మాత్రం కనబడటం లేదు. ఆ ఖాళీని మెదడు ఒక కథతో నింపుతుంది. 'నేనెందుకు తీస్తాను' అనే వాదన ఆ కథకు బలమిస్తుంది.

'గాజులు కనబడట్లేదా? అయ్యో, వెతుకుదాం పదండి' అని మొదలుపెట్టండి. వెతికే చోట్లు దాదాపు అందరివీ ఒకటే: దిండు గలీబు, పరుపు కింద, బియ్యం డబ్బా, చీరల మడతలు, జాకెట్టు లోపల, దేవుడి గూడు, చెత్తబుట్ట. చెత్త పారేసేముందు రోజూ ఒకసారి చూడండి. దొరికాక 'చూశావా, నువ్వే పెట్టావు' అనొద్దు. కళ్లద్దాలు, పర్సు లాంటివి ఒకేలాంటివి రెండేసి కొనండి. పర్సులో పది, ఇరవై నోట్లు ఉంచండి, ఖాళీ పర్సు ఇంకో దొంగతనం కథ పుట్టిస్తుంది. అసలు బంగారాన్ని తోబుట్టువులందరి ఎదుట జాబితా రాసి, ఫొటోలు తీసి, లాకరులో పెట్టేయండి. జబ్బు మొదట్లోనే చేయాలి ఇది.

అన్నం తిన్న గంటకే ఊళ్లో ఉన్న కూతురికి ఫోన్ చేసి 'వీళ్లు నాకు అన్నం పెట్టడం లేదు' అనడం ఇంకొకటి. ఆ కూతురు వెంటనే వదినను నిలదీస్తే రెండు కుటుంబాలు విడిపోతాయి, అలా విడిపోయినవీ ఉన్నాయి. అందుకే జబ్బు తేలిన వారంలోనే తోబుట్టువులందరూ డాక్టరు నోట ఈ సంగతి కలిసి వినాలి. ఫోన్‌లో చెప్పాల్సింది ఒక్కటే: 'ఆకలేస్తోందా అమ్మా? ఇప్పుడే పెట్టమంటాను.' ఇంట్లో ఉన్నవాళ్లు మూడు పూటల భోజనాన్ని ఐదారు చిన్న పూటలుగా చేయండి, తిన్న కంచం ఒక పావుగంట కంటికి కనబడేలా ఉంచండి, మరమరాలో పళ్లముక్కలో అందుబాటులో పెట్టండి.

అలాగని ప్రతి ఫిర్యాదునూ జబ్బు కింద కొట్టేయకండి. నిజంగా డబ్బు పోవచ్చు, నిజంగా ఎవరైనా గిల్లి ఉండొచ్చు. చేతి పైభాగంలో కమిలిన మచ్చలు, ఒకే మనిషిని చూస్తే ముడుచుకుపోవడం, బరువు తగ్గడం గమనించండి.

స్నానం

గొడవలన్నిటిలో పెద్దది ఇదే, జాగ్రత్తగా చేస్తే బాగా తగ్గేదీ ఇదే. ఎందుకు వద్దంటారో ముందు ఆలోచించండి. చలి. మెరిసే తడి టైల్సు నీళ్ల గుంటలా కనబడటం. నెత్తిమీద నీళ్లు పడితే ఊపిరాడదన్న భయం. చెయ్యెత్తితే భుజం నొప్పి. అన్నిటికన్నా ఎక్కువగా సిగ్గు: కోడలి ముందు మామగారు, కొడుకు ముందు తల్లి బట్టలిప్పాలి. వీలైతే ఆడవాళ్లకు ఆడవాళ్లే, మగవాళ్లకు మగవాళ్లే చేయించాలి.

వేళ వాళ్ల పాత అలవాటుదే. పూజకు ముందు స్నానం చేసే మనిషిని మధ్యాహ్నం రమ్మంటే రారు. బాత్రూములోకి తెచ్చేముందే అన్నీ సిద్ధం చేయండి: జారని రబ్బరు చాప, వీపు ఆనించుకునే గట్టి కుర్చీ, గోడకు బిగించిన పట్టుకొయ్య, రెండు పెద్ద తువ్వాళ్లు, వరసగా పెట్టిన బట్టలు. తువ్వాలు ఆరేసే రాడ్డును పట్టుకోనివ్వకండి, అది ఊడి మనిషి పడతాడు. బకెట్టు ముందే నింపండి, ధారగా పడే నీళ్ల చప్పుడుకు కొందరు బెదురుతారు. గీజరు నీళ్లు చన్నీళ్లతో కలిపి, మోచేత్తో చూస్తే గోరువెచ్చగా ఉండాలి. లోపలి గడియ తీసేయండి.

'స్నానం' అనే మాటే ఎత్తకండి. 'కాళ్లకు నూనె రాస్తాను' అనండి. నువ్వులనూనె వెచ్చచేసి పాదాలకూ పిక్కలకూ మర్దన చేశాక 'జిడ్డు కడుక్కుందాం' అంటే సగం పని అయినట్టే. భుజాల మీద ఒక తువ్వాలు, ఒళ్లో ఒక తువ్వాలు కప్పే ఉంచండి, వాటి పైనుంచే నీళ్లు పోయండి. పాదాల దగ్గర మొదలుపెట్టి పైకి రండి. చెంబు వాళ్ల చేతికే ఇవ్వండి: చేయగలిగినంత వాళ్లే చేయాలి, పని ఉన్న చెయ్యి కొట్టదు. ముఖం చివర. తలస్నానం ఆ రోజు వద్దు, వేరే రోజు పెట్టుకోండి. ఏ దశలో చెయ్యి విదిల్చినా ఆపేసి, తువ్వాలు చుట్టి బయటికి తీసుకొచ్చి, అరగంట తర్వాత మిగిలింది చేయండి. ఇద్దరు పట్టుకుని ఒకరు నీళ్లు గుమ్మరించే స్నానం ఒక్కసారి చేయించినా, ఆ బాత్రూము గడప దగ్గర భయం నెలలపాటు ఉంటుంది.

రోజూ స్నానం చేయకపోతే మైలన్న పట్టింపు మీదే, వాళ్లది కాదు. వారానికి రెండు మూడు చాలు. మిగతా రోజుల్లో ముఖం, చంకలు, గజ్జలు, పిరుదుల మడతలు తడిగుడ్డతో తుడిచి పొడిగా ఒత్తండి.

మూత్రం మూలల్లో పోస్తుంటే కూడా కారణం వెతకండి. జీవితమంతా కింద కూర్చునే దొడ్డికి అలవాటైన మనిషికి కమోడు ఏమిటో తెలియకపోవచ్చు. పూలకుండీ పెరడులా కనబడొచ్చు. బాత్రూము తలుపు తెరిచి, లైటు వేసి ఉంచండి, మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి తీసుకెళ్లండి.

బయటికి వెళ్లిపోవడం, రాత్రిళ్లు

తలుపుకు గడియ కంటిచూపు పడని చోట, బాగా పైన బిగించండి, తెరిస్తే మోగే గంట పెట్టండి. లోపల ఒంటరిగా ఉంచి బయట తాళం వేసి వెళ్లకండి, నిప్పంటుకుంటే బయటపడలేరు. చేతికి తీయడానికి వీల్లేని కంకణం, చొక్కా లోపలివైపు కుట్టిన గుడ్డ మీద మీ ఫోన్ నంబరు ఉండాలి. వాచ్‌మన్‌కు, కిరాణా కొట్టుకు, ఆటోస్టాండుకు ఫొటో చూపించి చెప్పి ఉంచండి, దాచుకోవాల్సిన జబ్బు కాదిది. కనబడకపోతే ఇల్లు, డాబా, బావి, చెరువు వైపు పావుగంట వెతికి 112కి ఫోన్ చేయండి. 24 గంటలు ఆగాలన్న రూలేమీ లేదు. పాత ఇల్లు, పనిచేసిన ఆఫీసు, గుడి, బస్టాండు దారుల్లో మనిషిని పంపండి. గ్యాస్ రెగ్యులేటరు వాడనప్పుడు ఆపేయాలి. రైతుల ఇళ్లలో పురుగుమందు డబ్బాలు తాళంలో ఉండాలి.

రాత్రి మాటిమాటికీ లేచేవాళ్లకు పడుకునే ముందు రెండు గంటలు నీళ్లు తగ్గించండి, కానీ పగలు ఆ లోటు పూడ్చండి. నీటి మాత్ర రాత్రి వేస్తుంటే పొద్దుటికి మార్చొచ్చేమో, డోనెపెజిల్ వల్ల పీడకలలు వస్తుంటే దాన్నీ పొద్దున వేయొచ్చేమో డాక్టరును అడగండి.

లేనివి కనబడటం

'మూలన పిల్లాడు కూర్చున్నాడు' అంటే లేడని వాదించొద్దు, ఉన్నాడనీ అనొద్దు. 'నాకు కనబడట్లేదు. మీకు భయంగా ఉందా?' అనండి. భయం లేకపోతే వదిలేయొచ్చు. భయముంటే లైటు వేసి, వేరే గదిలోకి తీసుకెళ్లండి. నిలువుటద్దానికి గుడ్డ కప్పండి. గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళితే కొట్టడం, పొగ వేయడం, పస్తులుంచడం జరుగుతాయి. అలాంటి ఒంటికి అవి ప్రాణాంతకం.

జబ్బు మొదట్లోనే మనుషులు, జంతువులు స్పష్టంగా కనబడుతుంటే, నడక బిగుసుకుపోతుంటే, నిద్రలో కలలకు తగ్గట్టు కాళ్లూచేతులూ ఆడిస్తూ అరుస్తుంటే అది లూయీ బాడీ డిమెన్షియా కావచ్చు. ఈ రకంలో అలజడిని అణచడానికి ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందులు ఒళ్లు కొయ్యబార్చి ప్రాణం తీయగలవు. రోగం తేలితే ఫైలు మొదటి పేజీలో ఎర్రసిరాతో రాయించండి. అర్ధరాత్రి ఎమర్జెన్సీలో మొదట చేతికొచ్చే ఇంజెక్షన్ అదే.

చెయ్యి ఎత్తినప్పుడు

రెండడుగులు వెనక్కి, కొంచెం పక్కకు జరగండి. ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు గది వదలాలి. చేతులు కనబడేలా ఉంచి, గొంతు తగ్గించండి. వాళ్లు బయటికెళ్లే దారి మూయొద్దు. ఐదు పది నిమిషాలు ఊరికే ఆగితే చాలాసార్లు అదే చల్లారుతుంది. మంచానికి కట్టేయడం వద్దు. పెనుగులాటలో చర్మం చీలుతుంది, పుండ్లు పడతాయి, కట్టు మెడకు బిగిసిన మరణాలున్నాయి. అందరి ముందు బట్టలు విప్పుతుంటే ఉక్కపోతో, దురదో, ఒంటికి వెళ్లాల్సిన తొందరో ముందు చూడండి. ఆడవాళ్ల మీద చెయ్యి వేస్తుంటే కసరకుండా, నవ్వకుండా, చెయ్యి తీసి ఏదైనా పట్టించండి. అటెండెంటుకు ముందే చెప్పకపోవడం అన్యాయం.

మాత్ర అడిగేముందు

రిస్పెరిడోన్, క్వెటియాపిన్, ఓలాంజపిన్, హాలోపెరిడాల్: అలజడిని, భ్రమల్ని అణచడానికి ఇచ్చే ఈ మందులు డిమెన్షియా వృద్ధుల్లో మరణాల్ని పెంచుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లో కొత్తతరం మందుల మీద, 2008లో పాతతరం మందుల మీద కూడా నల్లపెట్టె హెచ్చరిక (మందుల మీద వేసే అతి తీవ్రమైన హెచ్చరిక) పెట్టించింది. సుమారు పది వారాల పరీక్షల్లో మందు తీసుకున్నవాళ్లలో దాదాపు 4.5 శాతం మంది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో దాదాపు 2.6 శాతం మంది చనిపోయారు. పక్షవాతం ముప్పూ ఉంది. అయినా తనకో ఇతరులకో హాని చేసే స్థితి వస్తే, విపరీతమైన భయంతో అల్లాడుతుంటే, ఇవి అవసరమవుతాయి. అప్పుడు భయపడి మానేయడమూ తప్పే.

తీసుకునేటప్పుడు డాక్టరును అడగండి: ఏ ప్రవర్తన కోసం ఇస్తున్నారు, ఎంత చిన్న మోతాదుతో మొదలు, ఎన్నాళ్లకు మళ్లీ చూస్తారు? అమెరికా సైకియాట్రిక్ అసోసియేషన్ 2016 మార్గదర్శకాల ప్రకారం సరైన మోతాదులో 4 వారాలు వాడినా గుణం లేకపోతే తగ్గించి ఆపాలి. గుణం కనబడినా 4 నెలల్లోపు తగ్గించి చూడాలి. మన దగ్గర ఒకసారి రాసిన చీటీతో ఏళ్లు వాడేస్తారు. పడిపోవడం, ఒళ్లు బిగుసుకోవడం, చొంగ కారడం, మింగలేకపోవడం, పగలంతా మగత కనబడితే ఆ రోజే ఫోన్ చేయండి. బిగుసుకుపోతున్నారని ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర కలిపితే తికమక ఇంకా పెరుగుతుంది. సాధారణంగా మొదటి మందునే తగ్గించమని అడగాలి. అడిగిందే అడగడం, ఊరికే తిరగడం, వస్తువులు దాచడం ఏ మాత్రకూ తగ్గవు. వాటికోసం మాత్ర వేస్తే మిగిలేది మగతే.

చూసుకునే మనిషికి వారంలో కనీసం రెండు రాత్రులు పూర్తి నిద్ర ఉండేలా ఇంట్లో వంతులు రాసిపెట్టండి. కొట్టాలనిపించేంత విసుగొస్తే మనిషిని సురక్షితంగా కూర్చోబెట్టి పక్కగదిలోకి వెళ్లండి. ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఏ వేళైనా తెలుగులోనే ఫోన్ చేయొచ్చు. వృద్ధుల సాయానికి ఎల్డర్‌లైన్ నంబరు 14567.

ఒక కాగితం రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి, అటెండెంటు మారినా ఆస్పత్రిలో చేరినా వెంట వెళ్లాలి. ఏమని పిలవాలి, ఏ పని చేసేవారు, ఏ వేళకు స్నానం, ఏ చెవి బాగా వినబడుతుంది, ఎక్కడ నొప్పి, ఏ మాట ఎత్తితే కోపం, ఏ పాట పెడితే నెమ్మదిస్తారు, ఏ మందు పడదు. చివర తేదీ వేయండి. మూడు నెలలకోసారి కొట్టేసి మళ్లీ రాయాల్సి ఉంటుంది, జబ్బుతోపాటు ఇవీ మారిపోతాయి.